పట్టేసిన నట్టు

ఆరు మిల్లీమీటర్ల స్టడ్డు విరిగేటప్పుడు పెద్ద చప్పుడేం రాదు. వేరుశెనగ చెక్క విరిగినట్టు 'టిక్' మంటుంది, అంతే. అప్పటిదాకా మొండికేసిన స్పానరు ఒక్కసారిగా తేలికైపోతుంది. వదిలింది కదా అని అర క్షణం సంతోషం కూడా వేస్తుంది. ఆ తర్వాత నట్టుతోపాటు సగం స్టడ్డు అరచేతిలోకి వస్తుంది.

నాకది విశాఖపట్నంలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న అద్దె ఇంటి గేటు ముందు జరిగింది. పన్నెండేళ్ల 100 సీసీ బండి. సైలెన్సరు ఇంజనుతో కలిసే చోట లీకై టపటపా కొడుతోంది. గాస్కెట్టు మారిస్తే సరిపోతుంది. రెండే నట్లు, పది నంబరు స్పానరు. ఆదివారం పొద్దున కూర్చుని ఇడ్లీ వేళకి లేద్దామనుకున్నాను. మొదటి నట్టు బుద్ధిగా వచ్చింది. రెండోది కదల్లేదు. ఆయిలు కొట్టి ఐదు నిమిషాలు ఆగాను, ఆ ఐదు నిమిషాలే నాకు పెద్ద ఓర్పులా అనిపించాయి. మేడ మెట్ల కింద పాత నీళ్ల పైపు ముక్క కనిపించింది. తెచ్చి స్పానరుకి తొడిగి లాగాను. టిక్.

పక్క వీధి మెకానిక్ వచ్చి ఒంగి చూశాడు. తిట్టలేదు. "నూనెప్పుడు పెట్టేరు బాబూ?" అన్నాడు. "ఇందాకే, ఐదు నిమిషాలైంది" అన్నాను. "నిన్న పెట్టాల్సింది కదా" అని, నేనిచ్చిన టీ తాగి, ఇంజన్ హెడ్డు విప్పుకుని వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్లాడు. ఆ వారం మూడు రోజులు బస్సెక్కి ఆఫీసుకి వెళ్లాను. ఈ అధ్యాయం మొత్తం ఆ బస్సు ప్రయాణాల్లో పుట్టిందే.

మేకులా దిగిన తుప్పు

నట్టు మరకీ బోల్టు మరకీ మధ్య కాగితం కన్నా పల్చని సందు ఉంటుంది. అది ఉండబట్టే కొత్త నట్టు వేళ్లతో తిప్పినా ఎక్కుతుంది. వాన తడి, ఉప్పుగాలి ఆ సందులోకి దూరి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు అడుగుతుంది. కనీసం రెట్టింపు, తడి బాగా పీల్చిన తుప్పయితే ఐదారు రెట్లు. ఉన్న సందేమో అంతంతమాత్రం. దాంతో తుప్పు లోపలే ఉబ్బి మేకు దిగగొట్టినట్టు కూర్చుంటుంది. మనం ముందు కదిలించాల్సింది ఆ మేకును. దాన్ని కదిలించకుండా నట్టు తలను తిప్పితే, తల తిరుగుతుంది, మెడ విరుగుతుంది.

బండిలో అన్నిటికన్నా ముందు పట్టేసేవి సైలెన్సరు నట్లు. రోజూ విపరీతమైన వేడి, రాత్రి చల్లదనం, మధ్యలో వాన నీళ్లు. వాటి తర్వాత మడ్‌గార్డు బోల్టులు, ఫుట్‌రెస్ట్ బోల్టులు, చెయిన్ బిగించే స్క్రూలు. ఉక్కు బోల్టు అల్యూమినియం బాడీలో ఉంటే ఇంకో తంటా ఉంది. రెండు వేరు లోహాలు, మధ్యలో ఉప్పు తడి కలిస్తే అదొక బుల్లి బ్యాటరీ. ఆ బ్యాటరీలో అరిగిపోయేది అల్యూమినియం. సందులో తెల్లపొడి పేరుకుంటుంది. ఇనుముకి తుప్పు, రాగికి చిలుము, అల్యూమినియానికి తెల్లపొడి, ముగ్గురూ ఒకే ముఠా దొంగలు. తెల్లపొడి కనిపిస్తే మామూలు తుప్పుకన్నా ఎక్కువ భయపడండి, ఎందుకంటే అక్కడ మెత్తగా ఉండేది బోల్టు కాదు, మీ ఇంజను.

(మంచు పడే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ వైపు స్థిరపడిన మనవాళ్లు పాత కారు కిందికి దూరితే చూసే తుప్పు, మా విశాఖ తుప్పుకి పెద్దన్న.)

ఇంకో లెక్క కూడా తెలిసుండాలి. నట్టు బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో సుమారు సగం నట్టు ముఖం కింద రాపిడికే పోతుంది. ఇంకో నలభై శాతం దాకా మరల రాపిడికి పోతుంది. రెండు భాగాల్ని కలిపి పట్టి ఉంచేది మిగిలిన పదో వంతే. విప్పేటప్పుడు అడ్డం పడేవీ ఆ రెండు రాపిళ్లే. అందుకే బోల్టు చివర బయటికి కనిపించే మర ఒక్కటే తడిపితే పని సగమే అయినట్టు. నట్టుకీ వాషరుకీ మధ్య సన్నని గీత ఉంటుంది చూడండి, దాని మీద కూడా రెండు చుక్కలు పడాలి. చాలామంది ఆ గీతను వదిలేస్తారు. నేనూ ఆ ఆదివారం వదిలేశాను.

విరిగితే ఏమవుతుంది?

స్పానరు ముట్టుకునే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. దీన్ని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

మడ్‌గార్డు బోల్టు ఉంది. ఇటు తల, అటు నట్టు, మధ్యలో రేకు. విరిగితే ఏమవుతుంది? ఏమీ కాదు. కొట్టు నుంచి కొత్త బోల్టు తెచ్చుకుంటారు. అలాంటి దాని మీద గంట సేపు నూనెలు పోస్తూ కూర్చోవడం దండగ. రెండుసార్లు ప్రయత్నించి రాకపోతే హాక్సా బ్లేడుతో కోసేయండి.

సైలెన్సరు స్టడ్డు అలా కాదు. అది ఇంజన్ హెడ్డులోకి దిగి ఉంటుంది. విరిగితే మిగిలిన ముక్క అల్యూమినియంలో పాతుకుపోతుంది. దాన్ని తీయాలంటే హెడ్డు విప్పాలి, లేతు షాపుకో వెల్డింగ్ షాపుకో తిరగాలి. బ్రేక్ కాలిపర్‌లో ఉండే బ్లీడర్ స్క్రూ ఇంకా నాజూకు. మధ్యలో రంధ్రం ఉన్న బోలు స్క్రూ కాబట్టి చిటుక్కున విరుగుతుంది, విరిగితే బ్రేకుల మీద ఆశ వదులుకుని బండి నడపకుండా ఆపేయాల్సిందే. ఆయిల్ డ్రెయిన్ బోల్టు మర తినేస్తే ఇంజను అడుగు భాగానికి వైద్యం చేయించాలి.

అందుకని మొదలుపెట్టే ముందే ఒక గీత గీసుకోండి. 'ఈ బోల్టుకి నూనె, దెబ్బ, వేడి, ఈ మూడింటిదాకా నేను. తర్వాత మెకానిక్.' పని మధ్యలో ఆ గీత గీయడం కుదరదు. చెమట కారుతూ, వేలు చెక్కుకుపోయి, ఇంట్లోంచి "ఇంకా అవలేదా?" అని కేక వినిపిస్తున్నప్పుడు ఎవరి విచక్షణా పనిచెయ్యదు. నా స్టడ్డు విరిగింది తుప్పు వల్లేనని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి విరగ్గొట్టింది ఇడ్లీ వేళకి లేవాలన్న పంతం.

ముందురోజు సాయంత్రం

మొదటి పని వైరు బ్రష్షు. బయటికి కనిపించే మర మీద ఉన్న తుప్పు, మట్టి, పాత రంగు గీకేయండి. విప్పేటప్పుడు నట్టు ఆ దారిలోనే రావాలి. దారిలో చెత్త ఉంటే కాస్త కదిలిన నట్టు మళ్లీ మధ్యలో ఇరుక్కుంటుంది. సందుల్లోకి బ్రష్షు దూరకపోతే పాత టూత్ బ్రష్షు, ఎమరీ కాగితం ముక్క సరిపోతాయి.

తర్వాత నూనె. ఇంజన్ ఆయిల్, కొబ్బరినూనె పనికిరావు, చిక్కన. సందులోకి పాకాలంటే పల్చగా ఉండాలి. ఒకప్పుడు ప్రతి షెడ్డులోనూ ఒక డబ్బాలో కిరసనాయిలు, అందులో నానబెట్టిన నట్లు ఉండేవి. ఇప్పుడు కిరసనాయిలు ఒకప్పటిలా దొరకదు కాబట్టి చాలాచోట్ల డీజిల్ వాడుతున్నారు. నెమ్మదిగానైనా పనిచేస్తుంది. అందరి ఇళ్లలో ఉండే నీలం, పసుపు డబ్బా డబ్ల్యూడీ-40 చరిత్ర సరదాగా ఉంటుంది. 1953లో అమెరికాలోని శాండియాగోలో ఒక చిన్న కంపెనీ రాకెట్ల పైతొడుగు తుప్పు పట్టకుండా తేమను తరిమే ద్రవం కోసం ప్రయత్నించి నలభయ్యోసారికి సాధించింది. ఆ 40 అదే. అంటే ఆ ద్రవం పుట్టింది తడిని తరమడానికి. పట్టేసిన నట్టును వదిలించడానికని విడిగా పెనిట్రేటింగ్ ఆయిల్ పేరుతో అమ్మే డబ్బాలు వేరే ఉన్నాయి, దొరికితే అవే మేలు. కొందరు అసిటోను, గేర్ల ఏటీఎఫ్ నూనె సగం సగం కలిపి వాడతారు. బాగా పాకుతుంది, కాదనను. కానీ అది పెట్రోలంత సులువుగా అంటుకుంటుంది, రంగునీ ప్లాస్టిక్‌నీ తింటుంది, కాసేపటికి రెండూ విడిపోతాయి కాబట్టి ప్రతిసారీ కలపాలి. ఇంట్లో పిల్లలుంటే దాని జోలికి పోకండి.

ఏ నూనె అన్నదాని మీద వాదించుకునే వాళ్లని చాలామందిని చూశాను. నా మట్టుకు నాకు నూనె పేరు కన్నా అది నానిన గంటలు ముఖ్యం. సాయంత్రం బండి తిప్పి తెచ్చి, ఇంజను చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చగా ఉన్నప్పుడు మొదటి విడత పెట్టండి. చల్లారేకొద్దీ లోహం ముడుచుకుంటూ నూనెను లోపలికి లాక్కుంటుంది. కాగుతున్న సైలెన్సరు మీద మాత్రం వద్దు, పొగతో మొదలై మంటతో తేలుతుంది. పడుకునే ముందు రెండో విడత, పొద్దున లేవగానే మూడోది.

ప్రతి విడతకీ ముందు చిన్న సుత్తితో నట్టు పక్కల మీద నాలుగు దెబ్బలు వెయ్యండి. గట్టిగా కాదు, కొబ్బరికాయ మీద వేళ్లతో తట్టి చూసే దానికన్నా కాస్త ఎక్కువ. బోల్టు తల ఉంటే దాని నెత్తిమీద నిలువుగా ఒక దెబ్బ. ఆ అదురుకి తుప్పు పొరలో సన్నని పగుళ్లు వస్తాయి, నూనెకి దారి దొరుకుతుంది. స్టడ్డు చివర నేరుగా కొడితే మర చితికిపోతుంది. నట్టు అంచూ స్టడ్డు చివరా సమంగా ఉన్నా సరే, మధ్యలో ఇత్తడి ముక్కో చెక్కముక్కో పెట్టి కొట్టండి.

పొద్దున, స్పానరుతో

ముందుగా సైజు. పది నంబరు నట్టుకి పదే పెట్టండి, 'పదకొండు కూడా పడుతోంది' అనొద్దు. రెండు రకాల కొలతలు కలిసే చోట మోసపోతాం. పాత బుల్లెట్లే దీనికి మంచి ఉదాహరణ. 1955లో మద్రాసులో మొదలైన ఆ బండికి దశాబ్దాల పాటు బ్రిటిష్ కొలతల నట్లు కొనసాగాయి. వాటిలో 5/16 బీఎస్ఎఫ్ నట్టు వెడల్పు 13.3 మిల్లీమీటర్లు. పదమూడు స్పానరు పట్టదు, పద్నాలుగు వదులుగా పడుతుంది. ఆ వదులు స్పానరుతో లాగి మూలలు గుండ్రం చేసిన నట్లు పాత బుల్లెట్లకి ఎన్ని ఉంటాయో లెక్కలేదు.

రెండోది ఆకారం. రెండు దవడల స్పానరు నట్టుని రెండు ముఖాల మీదే పట్టుకుంటుంది. అది మామూలు నట్లకి. తుప్పు నట్టుకి దాన్ని దగ్గరికి రానివ్వకండి. రింగు స్పానరు మేలే కానీ మన కొట్లలో దొరికే రింగులు ఎక్కువగా పన్నెండు మూలలవి, మూలల దగ్గరే పట్టుకుంటాయి. ఆరు మూలల సాకెట్టు నట్టు ఒళ్లంతా పట్టుకుంటుంది. ఇంట్లో ఒక్క మంచి సామాను కొనాలనుకుంటే ఆరు మూలల సాకెట్లు 8, 10, 12, 13, 14, 17, 19 కొనండి. మిగతావి తర్వాత.

మూడోది దిక్కు. నవ్వకండి. బండి కింద వెల్లకిలా పడుకుని, నట్టుని అటువైపు నుంచి చూస్తూ విప్పుతున్నామనుకుని బిగించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కుడిచేతి బొటనవేలు నట్టు ఏ వైపు బయటికి రావాలో ఆ వైపు చూపించేలా పెట్టి మిగతా వేళ్లు ముడవండి. వేళ్లు ముడుచుకున్న దిక్కే విప్పే దిక్కు. ఎడమ మరలు కూడా ఉంటాయి, వాటికి ఇదంతా తలకిందులు. సైకిల్ ఎడమ పెడలు అలాంటిదే. కొన్ని పాత లారీల ఎడమ చక్రాల నట్లు, కొన్ని యమహా బండ్ల కుడి అద్దం కూడా.

ఇప్పుడు బలం. ఆరు మిల్లీమీటర్ల బోల్టు మామూలు బిగింపు సుమారు 10 న్యూటన్ మీటర్లు. అంటే జానెడు కన్నా పొట్టి, పదిహేను సెంటీమీటర్ల స్పానరు చివర ఏడు కిలోల బరువు వేలాడదీసినంత. కూరగాయల సంచీ ఎత్తే బలం కన్నా ఎక్కువేం కాదు. అంతకు రెట్టింపు పెడితే మామూలు రకం బోల్టు విరిగే అవకాశమే ఎక్కువ. అందుకని చిన్న బోల్టులకి పైపు తొడగడం అంటే గోటితో పోయేదానికి గొడ్డలి తేవడమే. కారు చక్రం నట్టు సంగతి వేరు, దాని బిగింపు సుమారు 100 న్యూటన్ మీటర్లు. అడుగున్నర లోపు వీల్ స్పానరు మీద ముప్ఫై కిలోలు పడాలి. పంక్చరు షాపులో గాలి మిషనుతో ఇష్టమొచ్చినట్టు బిగించి పంపితే ఇంకా ఎక్కువ. అక్కడ కాలితో తొక్కడం, పైపు తొడగడం న్యాయమే. కాకపోతే బండి నేల మీద ఉండగానే, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రం కింద రాయి పెట్టి అన్ని నట్లూ పావు చుట్టు వదులు చేసుకోవాలి. జాకీ ఆ తర్వాత.

స్పానరు పడ్డాక మొదట విప్పకండి. బిగించండి. పావు అంగుళం కదిలేంత, అంతే. వింతగా ఉంటుంది కానీ పట్టు ఎటు తెగినా తెగినట్టే. బిగించే వైపు 'టక్' మని కాస్త కదిలితే తుప్పు పొర చిట్లినట్టు. ఇప్పుడు వెనక్కి తిప్పండి. ఒక్క ఊపున విప్పేద్దామనుకోవద్దు. పావు చుట్టు వదులు, సగం పావు బిగువు, ఒక చుక్క నూనె. మళ్లీ పావు వదులు. మరలోంచి ఎర్రటి తుప్పు పిండి నూనెలో కలిసి బయటికి వస్తూ కనిపిస్తుంది. ఆ పిండి లోపలే నలిగితే మళ్లీ పట్టేస్తుంది.

చేతికి తెలిసే ఒక సంగతి మాటల్లో చెప్పడం కష్టం, అయినా చెబుతాను. వదిలే నట్టు ఒక్కసారి 'కిర్రు' మంటుంది, ఆ తర్వాత దాని బిగువు తగ్గుతుంది. విరగబోయే బోల్టు అలా అనదు. మెత్తగా, రబ్బరులా సాగుతున్నట్టు తిరుగుతుంది, చెయ్యి తీస్తే స్పానరు కొద్దిగా వెనక్కి వస్తుంది. అది నట్టు తిరగడం కాదు, బోల్టు పురి తిరగడం. ఆ మెత్తదనం తగలగానే ఆగిపోండి. నూనె మళ్లీ పెట్టి టిఫిన్ తినేసి రండి. ఆ ఆదివారం నా చేతికి కూడా ఆ మెత్తదనం తగిలింది. వస్తోందనుకున్నాను.

మంట, కొవ్వొత్తి

నూనెకి లొంగనివి వేడికి లొంగుతాయి. వేడికి నట్టు వ్యాకోచిస్తుంది, నిజమే, కానీ ఎంత? పది మిల్లీమీటర్ల నట్టు రంధ్రం 300 డిగ్రీల వేడికి పెరిగేది మిల్లీమీటరులో వందో వంతులు మూడో నాలుగో. చూడ్డానికి ఏమీ కాదు. తుప్పు పట్టు తెగడానికి అది చాలు. ఉక్కుకన్నా అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే అల్యూమినియంలో ఇరుక్కున్న ఉక్కు బోల్టుకి, బోల్టుని కాకుండా దాని చుట్టూ ఉన్న భాగాన్ని వేడిగాలి గన్నుతో వెచ్చబెట్టాలి. స్పార్క్ ప్లగ్గు దీనికి మినహాయింపు. ఇంజను వేడి మీద ఉన్నప్పుడు లాగితే మెత్తబడ్డ హెడ్డు మర దానితోపాటు ఊడివస్తుంది. ప్లగ్గుని చల్లారిన ఇంజనులోంచే తీయాలి.

వేడి చేశాక నట్టుకి కొవ్వొత్తి తాకించండి. నూనె ఒత్తిలోకి ఎక్కినట్టు కరిగిన మైనం మర సందులోకి జారిపోతుంది. ఎర్రగా కాగితే మైనం అంటుకుంటుంది కాబట్టి నీళ్ల చుక్క వేస్తే చుయ్యిమనేంత వేడి చాలు. చవకైన ఉపాయం, బాగా పనిచేసే ఉపాయం.

మంట పెట్టకూడని చోట్లు మాత్రం కంఠతా పట్టండి. పెట్రోలు ట్యాంకు, కార్బురేటరు పక్కన వద్దు. షాక్ అబ్జార్బరు మీద వద్దు, లోపల మూసిన నూనె, గ్యాసు ఉంటాయి, పేలుతుంది. సీఎన్‌జీ బండి మీద అసలు వద్దు. టైరు ఉన్న చక్రం మీద వద్దు. ముందురోజు నూనె పోసిన చోటే మంట పెడుతున్నామని గుర్తుంచుకుని, గుడ్డతో తుడిచి, బకెట్‌లో ఇసుక పక్కన పెట్టుకోండి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట గానీ వెల్డింగ్ గానీ తగిలితే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే.

బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకెలు ఉంటే అది పదునుపెట్టిన ఉక్కు. ఎర్రగా కాలిస్తే ఆ పదును పోతుంది. చక్రానికీ, బ్రేకుకీ, హ్యాండిల్‌కీ సంబంధించిన బోల్టు ఏదైనా మంట చూసిందంటే మళ్లీ బిగించకండి. కొత్తది కొనండి.

మూలలు పోతే

నట్టు గుండ్రమైపోయిందా? పాత షెడ్ల చిట్కా ఒకటుంది. పదమూడు నట్టు మూలలు అరిగితే అర అంగుళం సాకెట్టు తెచ్చుకోండి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే బిగుతుగా కూర్చుంటుంది. పది నట్టుకి 3/8 అంగుళం, అంటే తొమ్మిదిన్నర. అదీ కాకపోతే వైస్ గ్రిప్ ప్లయరు. అదీ కాకపోతే నట్టు ఒక ముఖం మీద బోల్టుకి సమాంతరంగా హాక్సాతో గాడి కోసి, మర దగ్గరికి రాగానే ఆపి, గాడిలో చిజిలు పెట్టి ఒక్క దెబ్బ. నట్టు పగిలి విచ్చుకుంటుంది, బోల్టు దక్కుతుంది. గ్రైండరు వాడితే కళ్లద్దాలు లేకుండా వద్దు. దీని మీద వాదన లేదు.

ఇంజన్ పక్క కవర్ల ప్లస్ స్క్రూలది ఇంకో కథ. జపాన్ తరహా స్క్రూ గాడి, మామూలు ఫిలిప్స్ గాడి ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకటి కాదు. ఫిలిప్స్ డ్రైవరు అడుగుదాకా దిగక పైకి లేస్తూ గాడిని తినేస్తుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు ఒకటి కొనుక్కుంటే ఆ బాధ ఉండదు.

స్టడ్డు విరిగి లోపలే ఉంటే? బయట కాస్త ముక్క మిగిలితే దాని మీద కొత్త నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చేయించడం ఉత్తమం. వెల్డింగ్ వేడి తుప్పుని వదిలిస్తుంది, కొత్త నట్టు పట్టు ఇస్తుంది, రెండు పనులూ ఒకేసారి. గాజువాక ఆటోనగర్‌లో నా హెడ్డుకి చేసింది అదే. చూస్తుండగానే పది నిమిషాల్లో స్టడ్డు వేళ్లతో తిప్పినంత సులువుగా వచ్చేసింది. ముక్క లోపలికి విరిగితే డ్రిల్లు, ఎక్స్‌ట్రాక్టరు. ఎక్స్‌ట్రాక్టరు చాలా గట్టి ఉక్కు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కొయ్యలేదు. అందుకని ఎక్స్‌ట్రాక్టరు దాకా వెళ్లకుండానే మీ చెయ్యి తీసేయండి. ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్లు ఉన్న మిస్త్రీ దగ్గరికి వెళ్లండి, ఒక్కోసారి రంధ్రం వేస్తుండగానే ముక్క తిరిగి బయటికి వచ్చేస్తుంది.

మళ్లీ బిగించే ముందు

విప్పిన నట్టునే మళ్లీ వాడాలన్న పొదుపు వద్దు. బోల్టు మరని వైరు బ్రష్షుతో శుభ్రం చేయండి. రంధ్రంలో మర చెడితే ట్యాపు వేయించండి, పూర్తిగా పోతే హెలికాయిల్ స్ప్రింగు వేసి కొత్త మర పెడతారు. సైలెన్సరు స్టడ్లకి రాగి పేస్టు పల్చగా పూసి బిగించండి. ఇత్తడి నట్లు దొరికితే అవే వేయండి, ఇత్తడికి తుప్పు లేదు. స్టెయిన్‌లెస్ బోల్టులు మెరుస్తాయని మురిసి అల్యూమినియంలో వేస్తే ఆ తెల్లపొడి దొంగ ఇంకా త్వరగా వస్తాడు. తప్పనిసరైతే పేస్టు లేకుండా వేయకండి. మర జారుడైతే అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది, కాబట్టి పేస్టు పూసిన వాటిని కాస్త తక్కువ బిగించాలి. కారు చక్రం నట్లకి మాత్రం గ్రీజూ వద్దు పేస్టూ వద్దు, కంపెనీ పుస్తకంలో రాసి ఉంటే తప్ప.

సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఉంటే, బీచి రోడ్డు తిరిగొచ్చిన రోజున మామూలు నీళ్లతో బండి అడుగు కడగండి. ఏడాదికోసారి, వానాకాలానికి ముందు, విప్పాల్సిన అవసరం లేకపోయినా సైలెన్సరు నట్లనీ బ్రేకు బ్లీడర్లనీ ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించండి. బ్లీడరు వదులు చేసేది కొత్త ఆయిలు వేసి గాలి తీసే రోజైతే మంచిది.

వచ్చే ఆదివారం ఏ నట్టు విప్పాలనుకుంటున్నారో దానికి శనివారం సాయంత్రమే నూనె పెట్టండి.